మొదటి గిటార్: నైలాన్ తీగలదా, స్టీలు తీగలదా, ఎలక్ట్రికా – ఏది మేలు?

గిటార్ నేర్చుకుందామనుకునేవాళ్ళకి మొట్టమొదట వినపడే సలహా "నైలాన్ తీగలది కొనుక్కో, వేళ్ళు నొప్పెట్టవు" అని. రెండోది దానికి పూర్తిగా ఎదురు: "స్టీలు మీదే మొదలుపెట్టు, వేళ్ళు కాయలు కాస్తే ఇక ఏ గిటారైనా వాయించొచ్చు." రెండిట్లోనూ సగం నిజం ఉంది. కానీ మూడు నెలలు తిరక్కుండా గిటార్ అటకెక్కడానికి చాలాసార్లు కారణం తీగని దేనితో చేశారన్నది కాదు, అది ఫ్రెట్ల (గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీల) మీద ఎంత ఎత్తున ఉందన్నది. రకం సంగతి ముందు చూసి, ఎత్తు సంగతికి తర్వాత వద్దాం.

మూడు రకాలకీ శ్రుతి ఒకటే. లావు తీగ నుంచి సన్న తీగ దాకా ఇ, ఎ, డి, జి, బి, ఇ. ఒకదాని మీద నేర్చుకున్న కార్డ్ (కలిపి మీటే కొన్ని స్వరాల గుంపు) మిగతా రెండిటి మీదా అదే చోట పలుకుతుంది. అంటే ఎంపికలో పొరపాటు జరిగినా నేర్చుకున్నది ఎక్కడికీ పోదు.

తేడా అంతా లాగుడులో ఉంది. నైలాన్ సెట్‌లో ఆరు తీగలూ కలిసి నెక్‌ని (గిటార్ మెడని) దాదాపు 38 కిలోల బరువుతో లాగుతాయి. స్టీలు అకూస్టిక్‌కి (అంటే కరెంటు అక్కర్లేని గిటార్‌కి) కట్టే 12 నంబరు సెట్ (సన్న తీగ మందం అంగుళంలో వెయ్యో వంతులు 12 అని లెక్క) 74 కిలోల దాకా లాగుతుంది. అదే గిటార్‌కి 10 నంబరు సెట్ కడితే సుమారు 60కి దిగుతుంది. ఎలక్ట్రిక్‌కి కట్టే 9 నంబరు సెట్ మళ్ళీ 38 దగ్గరే. "ఎలక్ట్రిక్ అంటే పెద్దవాళ్ళది, ముందు అకూస్టిక్ మీద చెయ్యి తిరగాలి" అనేవాళ్ళు ఈ లెక్క ఒకసారి చూడాలి. ఎడమచేతికి స్టీలు అకూస్టిక్ కంటే ఎలక్ట్రిక్కే చాలా తేలిక.

నైలాన్ గిటార్, అంటే క్లాసికల్, పట్టుకోగానే తెలిసేది నెక్ వెడల్పు. నట్ (తల దగ్గర తీగలు ఆనే గాళ్ళ పట్టీ) దగ్గర 52 మిల్లీమీటర్లు. స్టీలు దానికి 43 చిల్లర. యమహా సి40ని (నైలాన్), ఎఫ్310ని (స్టీలు) పక్కపక్కన పెట్టుకుని ఒకే సి కార్డ్ పట్టి చూడండి. మొదటిదాంట్లో తీగల మధ్య ఎడం ఉంటుంది కాబట్టి వేలు పక్క తీగకి తగలదు, అది మూగబోదు. లావు వేళ్ళవాళ్ళకి ఇది పెద్ద ఊరట. చిన్న చేతులవాళ్ళకి మాత్రం అదే వెడల్పు ఇబ్బంది: చూపుడువేలు ఆరు తీగల మీదా అడ్డంగా వేసే బారె కార్డ్‌లకి చెయ్యి చాలదు. పిల్లలకైతే నైలాన్‌లోనే సగం సైజు, ముప్పావు సైజు దొరుకుతాయి. ఎనిమిదేళ్ళలోపు పిల్లకి పూర్తి సైజు స్టీలు గిటార్ కొనిచ్చి "రోజూ సాధన చెయ్యవేం" అని తిట్టడం అన్యాయం.

క్లాసికల్‌లో ఇంకొన్ని చిక్కులున్నాయి. ఫ్రెట్‌బోర్డ్ (ఫ్రెట్లు బిగించిన పలక) బల్లపరుపుగా ఉంటుంది, మామూలు క్యాపో (తీగలన్నిటినీ ఒకే ఫ్రెట్ దగ్గర నొక్కిపట్టే క్లిప్పు) వంపు తిరిగి ఉంటుంది కాబట్టి నడిమి తీగలు సరిగ్గా నొక్కుకోవు. తిన్నని పట్టీ ఉన్న క్యాపో విడిగా కొనాలి. నెక్ ముందు భాగంలో ఎన్నో ఫ్రెట్టో చూపే చుక్కలుండవు. కొత్త తీగలు వారం దాకా సాగుతూనే ఉంటాయి, పొద్దున చేసిన శ్రుతి సాయంత్రానికి జారిపోతుంది. గిటార్ చెడిపోయిందనుకుని కొట్టుకి తిరిగి తీసుకెళ్ళేవాళ్ళున్నారు. చెడిపోలేదు, తీగ ఇంకా కుదురుకోలేదు, అంతే.

పెద్ద పొరపాటు ఇంకోటి: మోత చాలడం లేదని నైలాన్ గిటార్‌కి స్టీలు తీగలు కట్టడం. 1940లలో న్యూయార్క్‌లో ఆల్బర్ట్ అగస్టీన్ నైలాన్ తీగలు తెచ్చేదాకా ఈ గిటార్లకి కట్టింది పేగు తీగలే. ఆ కొద్దిపాటి లాగుడికి తగ్గట్టే పైచెక్క పలచగా ఉంటుంది, చాలావాటి నెక్‌లో ట్రస్ రాడ్ (నెక్ వంపుని సరిచేసే లోహపు కడ్డీ) కూడా ఉండదు. స్టీలు కడితే బరువు రెట్టింపవుతుంది. నెక్ వంగుతుంది, బ్రిడ్జ్ (పైచెక్క మీద తీగలు కట్టే చెక్క) వెనకవైపు నుంచి లేచిపోతుంది.

మరి ఎవరికి ఏది? వాయించాలనుకునే పాట చెబుతుంది. సినిమా పాట పాడుతూ పిక్‌తో (మీటే చిన్న బిళ్ళతో) స్ట్రమ్మింగ్, అంటే తీగలన్నీ ఒక్క ఊపులో మీటడం, చేయడమే కోరికైతే స్టీలు తీగలది తీసుకోండి. ఆ మెరుపు, ఆ గలగల నైలాన్‌లో రాదు. గట్టిగా కొడితే బొదబొదమంటుంది. వేళ్ళతో మీటుతూ ఒక్కో స్వరం గుండ్రంగా పలికించాలంటే నైలాన్. పెద్దవాళ్ళలో ఎక్కువమంది అడిగేది మొదటిదే కాబట్టి మా ఓటు స్టీలుకే. ఒక్క షరతు: కొట్లో వచ్చిన 12 నంబరు తీగలు విప్పేసి 10 గానీ 11 గానీ కట్టించుకోవాలి. మోత కొంచెం తగ్గుతుంది, నొప్పి బాగా తగ్గుతుంది.

ఎలక్ట్రిక్‌కి ఖర్చు ఎక్కువ. గిటార్‌తో పాటు చిన్న యాంప్ (శబ్దం పెంచే పెట్టె), కేబుల్ కావాలి. అయితే అపార్ట్‌మెంట్లో రాత్రి పదింటికి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని సాధన చేసుకునే వీలు దీనికే ఉంది. బ్రిడ్జ్ కదలకుండా బిగించి ఉన్నదే ఎంచుకోండి. తేలే బ్రిడ్జ్ (స్ప్రింగుల మీద కదిలేది) ఉన్నవాటిలో ఒక తీగ శ్రుతి చేస్తే మిగతా ఐదూ కదులుతాయి, కొత్తవాళ్ళకి అది నరకం. కర్ణాటక సంగీతం వైపు మనసున్నవాళ్ళకి కూడా ఎలక్ట్రిక్కే మేలు. గమకానికి తీగని పక్కకి లాగినప్పుడు, జారు వేసినప్పుడు నాదం మధ్యలో చచ్చిపోకూడదు. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ వాయించిందీ ఎలక్ట్రిక్ మాండొలినే.

ఇప్పుడు ఎత్తు సంగతి. గిటార్ వాళ్ళు దీన్ని యాక్షన్ అంటారు. కొట్లోనే రెండు నిమిషాల్లో చూసుకోవచ్చు, జేబులో ఏటీఎం కార్డులుంటే చాలు. ఒక్కో కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు. ముందు గిటార్ శ్రుతి చేయించండి, వదులు తీగల మీద ఏ కొలతా నమ్మకూడదు. 12వ ఫ్రెట్‌కీ లావు తీగకీ మధ్య మూడు కార్డులు పేర్చి దూర్చండి. స్టీలు గిటార్‌లో అవి తగిలీ తగలనట్టు పట్టాలి, అంటే 2.3 మిల్లీమీటర్లు. నాలుగు పడితే శాడిల్ (బ్రిడ్జ్ మీద తీగలు ఆనే సన్న పట్టీ) అరగదీయించుకోవచ్చు. ఐదారు వదులుగా పడితే ఆ గిటార్ పక్కన పెట్టేయండి. నైలాన్‌కి మాత్రం ఐదు కార్డులు, అంటే దాదాపు 4 మిల్లీమీటర్లు, మామూలే; ఆ తీగ ఊగే వెడల్పు ఎక్కువ.

శాడిల్ అరగదీయడంలో ఒక లెక్క ఉంది. 12వ ఫ్రెట్ సరిగ్గా తీగకి నడిమధ్య, కాబట్టి అక్కడ 1 మిల్లీమీటరు తగ్గాలంటే శాడిల్ అడుగున 2 మిల్లీమీటర్లు తీయాలి. పైవంపు ముట్టుకోకూడదు. కొంచెం తీసి, పెట్టి, చూసి మళ్ళీ తీయాలి. ఎక్కువ తీస్తే తీగ ఫ్రెట్లకి తగిలి జుయ్యిమంటుంది, అప్పుడు కొత్త శాడిల్ వేయాల్సిందే.

చాలామంది చూడనిది నట్. తీగని మూడో ఫ్రెట్ దగ్గర నొక్కి, మొదటి ఫ్రెట్ మీద ఎంత సందు ఉందో చూడండి. కాగితం దూరేంత ఉంటే చాలు. ఏటీఎం కార్డు దూరితే నట్ ఎత్తుగా ఉన్నట్టు. ఎఫ్ కార్డ్ ఎంతకీ పలక్కపోవడం, మొదటి ఫ్రెట్ స్వరాలు శ్రుతి పైకి పోవడం దీనివల్లే. అందరూ తమ వేళ్ళని తిట్టుకుంటారు. నట్ గాడి లోతు చేయించే స్తోమత లేకపోతే ఒక చిట్కా: ఆరు తీగలూ అర మెట్టు (ఒక ఫ్రెట్ అంత) దించి శ్రుతి చేసి, మొదటి ఫ్రెట్ మీద క్యాపో పెట్టండి. శ్రుతి మామూలుగానే ఉంటుంది, లాగుడు పది శాతం పైగా తగ్గుతుంది, నట్ ఎత్తు అడ్డం తొలగిపోతుంది.

చివరగా నెక్. తల వైపు నుంచి తుపాకి గురి చూసినట్టు చూడండి. మెలి తిరిగి ఉంటే ఎంత చవకైనా వద్దు. కొంచెం వంపైతే ట్రస్ రాడ్‌తో సరవుతుంది, కానీ అది ఉందో లేదో సౌండ్‌హోల్ లోపలో, తల మీది మూత కిందో చూసి మరీ కొనండి.

పైచెక్క విషయంలో మొదటి గిటార్‌కి ప్లైవుడ్‌దే మంచిది. నాదంలో ఒక మెట్టు తక్కువే గానీ విశాఖ ఉక్కకీ, రాయలసీమ ఎండకీ తట్టుకుంటుంది. తీరంలో ఉండేవాళ్ళు వాయించాక ప్రతిసారీ తీగలు పొడిబట్టతో తుడవాలి, లేకపోతే స్టీలు నెలలోపే తుప్పు పడుతుంది. ఎండలో కారులో వదిలేస్తే మాత్రం ఏ చెక్కైనా ఒకటే, బ్రిడ్జ్ జిగురు మెత్తబడి ఊడుతుంది.

సాధన మూడిటికీ ఒకేలా సాగుతుంది. వారానికి ఒకసారి రెండు గంటలు కూర్చోవడం కంటే రోజుకి 15 నిమిషాలు మేలు, వేలి చర్మం గట్టిపడేది రోజూ తగిలితేనే. తీగని రెండు ఫ్రెట్ల మధ్యన కాకుండా ముందు ఫ్రెట్‌ని ఆనుకునేంత దగ్గరగా నొక్కితే సగం బలం చాలు. ఇ మైనర్, జి, సి, డి పట్టడం వచ్చాక ఏవైనా రెండు తీసుకుని, నిమిషంలో ఎన్నిసార్లు మారగలరో లెక్కపెట్టండి. మొదట్లో ఎనిమిదో పదో వస్తాయి. ముప్పై దాటితే నెమ్మది పాటకి సరిపోతుంది. వేలి కొసలు మండుతుంటే ఆపేయొచ్చు, మర్నాటికి తగ్గుతుంది. మణికట్టు నొప్పి వస్తే మాత్రం భరించొద్దు. బొటనవేలు నెక్ వెనక ఎక్కడుందో, గిటార్ తల భుజం కంటే కిందికి జారిందేమో చూసుకోండి.