భద్రతా అలర్టుల రికార్డు: ఒకే పట్టికా, ఓసీఎస్‌ఎఫ్ నమూనానా, విడిగా నిర్ణయాల చరిత్రా? ఏది మేలు?

నానక్‌రాంగూడలో కార్యాలయం ఉన్న ఒక మధ్యస్థాయి ఫిన్‌టెక్ సంస్థ, తన ఫైర్‌వాల్, చొరబాట్లను కనిపెట్టే సురికాటా, ల్యాప్‌టాప్‌లలోని ఏజెంటు (నిఘా సాఫ్ట్‌వేర్) పంపే అలర్టులన్నిటినీ ఒకే తెరపై చూపే సాఫ్ట్‌వేర్‌ను సొంతంగా రాసుకుంటోందనుకుందాం. అలర్టును డేటాబేస్‌లో ఏ రూపంలో నిలపాలన్న ప్రశ్నకు ఆ బృందం ముందు మూడు దారులుంటాయి. వచ్చిన జేసన్‌ను (ఫీల్డు పేర్లు, విలువలు జతలుగా ఉండే డేటా రూపం) ఉన్నదున్నట్టుగా ఒకే పట్టికలో వేసి, పక్కన స్టేటస్ అనే కాలమ్ పెట్టుకోవడం మొదటిది. ప్రతి అలర్టునూ ఓసీఎస్‌ఎఫ్ (ఓపెన్ సైబర్‌సెక్యూరిటీ స్కీమా ఫ్రేమ్‌వర్క్) వంటి, వేర్వేరు సాధనాల డేటాకు ఒకే పేర్లు, అర్థాలు ఇచ్చే ప్రామాణిక నమూనాలోకి మార్చి దాచడం రెండవది. సాధనం చెప్పినదాన్ని ఒకచోట, దానిపై మనుషులు తీసుకున్న నిర్ణయాలను మరొకచోట ఉంచడం మూడవది.

మొదటి దారి తక్షణం పని జరిపిస్తుంది. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో జేసన్‌ను దాచే జేసన్‌బీ రకం కాలమ్ 2014 నాటి 9.4 వెర్షన్ నుంచీ ఉంది. ఇండెక్సు వేసుకుంటే లోపలి ఫీల్డులను కూడా వేగంగానే వెతకవచ్చు. ఎటొచ్చీ చిక్కల్లా తీవ్రత దగ్గర వస్తుంది. సురికాటా అలర్టులో తీవ్రత 1 అంటే అన్నిటికన్నా ప్రమాదకరమని అర్థం. అనేక ఫైర్‌వాళ్లు లాగులు పంపడానికి వాడే సీఈఎఫ్ పద్ధతిలో 0 నుంచి 10 వరకు ఉండే కొలతలో అదే 1 దాదాపు పట్టించుకోనక్కరలేనిది. పరికరాలు, సర్వర్లు తమ సందేశాలను పంపే సిస్‌లాగ్ పద్ధతిలోనైతే 0 అత్యవసర స్థితి, 7 ప్రోగ్రామర్లకు మాత్రమే పనికొచ్చే డీబగ్ సందేశం. ఈ మూడింటినీ ఒకే కాలమ్‌లోకి తీసుకుని పెద్ద అంకె మొదట వచ్చేలా వరుస పెట్టించిన తెరలో, సురికాటా గట్టిగా మొత్తుకున్న అలర్టు అట్టడుగున పడి ఉంటుంది. కాలం సంగతీ అంతే. పాత పద్ధతి సిస్‌లాగ్ సందేశంలో సంవత్సరమూ ఉండదు, టైమ్ జోనూ ఉండదు. యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక కాలం) 19:40 అని రాసిన ఘటన మనకు మర్నాటి రాత్రి 1:10 అవుతుంది గనుక తేదీయే మారిపోతుంది. అందుకే సాధనం చెప్పిన కాలమూ మన సర్వర్‌కు అలర్టు అందిన కాలమూ వేర్వేరు కాలమ్‌లుగా ఉండి తీరాలి.

ఈ గందరగోళాన్ని తీర్చడానికే ఓసీఎస్‌ఎఫ్ వచ్చింది. అమెజాన్ వెబ్ సర్వీసెస్, స్ప్లంక్ తదితర సంస్థలు 2022 ఆగస్టులో దీన్ని ప్రకటించాయి. తీవ్రతకు 1 నుంచి 6 వరకు స్థిరమైన అర్థాలు (1 సమాచారం మాత్రమే, 5 క్రిటికల్, 6 ఫేటల్), తెలియనిదానికి 0, మరే కోవకూ చెందనిదానికి 99 ఇందులో ఉన్నాయి; కాలాన్ని మిల్లీసెకన్లలో రాస్తారు. భద్రతా డేటాను ఒకచోట చేర్చే అమెజాన్ సెక్యూరిటీ లేక్ వంటి సేవలు ఈ నమూనాలోనే డేటాను నిల్వ చేస్తాయి కాబట్టి బయటికి పంపేటప్పుడు మళ్ళీ తర్జుమా పని ఉండదు. అయితే ఇది కూడా కదలని శిల కాదు. మొదట అలర్టుల కోసం పెట్టిన 2001 సంఖ్య గల సెక్యూరిటీ ఫైండింగ్ తరగతిని 1.1 వెర్షన్‌లో పక్కనపెట్టి, 2004 సంఖ్యతో డిటెక్షన్ ఫైండింగ్‌ను తెచ్చారు. పాతదాన్ని నమ్ముకుని పట్టికలు కట్టుకున్నవారు మార్పు పని నెత్తిన వేసుకోక తప్పలేదు. పైగా ఇందులోని ఐచ్ఛిక ఫీల్డులన్నిటికీ కాలమ్‌లు పెట్టబోతే, ఇద్దరు ముగ్గురు డెవలపర్లున్న బృందానికి తల ప్రాణం తోకకు వస్తుంది.

అయినా ఈ రెండు దారుల అసలు లోపం అంకెల్లో లేదు. ఒక ఉదాహరణ చూద్దాం. ఒక సర్వర్ అనుమానాస్పద డీఎన్‌ఎస్ ప్రశ్నలు (ఫలానా వెబ్‌సైట్ పేరుకు ఐపీ చిరునామా ఏదని అడిగేవి) పంపుతోందని అలర్టు వచ్చింది. పగటి షిఫ్టు అనలిస్టు పరిశీలించి, అది బ్యాకప్ సాఫ్ట్‌వేర్ చేసే పనేనని రాసి క్లోజ్ చేశారు. వారం తర్వాత రాత్రి 1:10కి అదే నియమం (సాధనం అలర్టు ఇవ్వడానికి వాడే షరతు), అదే సర్వర్. సాఫ్ట్‌వేర్ పాత వరుసను వెతికి పట్టుకుని, స్టేటస్‌ను ఓపెన్‌గా మార్చి, బాధ్యుల పేరు తీసేసి రాత్రి షిఫ్టు పేరు రాసి, పాత వ్యాఖ్యను చెరిపేసింది. "సార్, దీన్ని ఇంతకుముందు ఎవరైనా చూశారా?" అని రాత్రి షిఫ్టు అనలిస్టు టీమ్ లీడ్‌కు ఫోన్ చేసి అడిగితే, పట్టికలో ఆ జవాబు లేదు. ఓసీఎస్‌ఎఫ్‌లో స్టేటస్ ఫీల్డు ఉన్నా, దాన్ని ఒకే వరుసపై దిద్దుకుంటూ పోతే జరిగేది ఇదే.

ఇది కేవలం సౌకర్యానికి సంబంధించిన విషయం కాదు. సైబర్ ఘటనలను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, నిర్దేశించిన రకాల సైబర్ ఘటనలను గమనించిన, లేదా తమ దృష్టికి వచ్చిన 6 గంటల్లోగా తెలియజేయాలి. ఆ గడియారం ఎప్పుడు మొదలైంది? సురికాటా పట్టుకున్నప్పుడా, మన సర్వర్‌కు అందినప్పుడా, మనిషి తెరిచి చూసినప్పుడా, నిజమైన ఘటనేనని నిర్ధారించినప్పుడా? దీనిపై సంస్థ న్యాయ సలహాదారు ఏ వైఖరి తీసుకున్నా, ఈ నాలుగు కాలాలనూ విడివిడిగా చూపగలిగే రికార్డు ఉంటేనే ఆ వైఖరికి బలం. చివరిగా మారిన సమయం అనే ఒక్క కాలమ్ ఏ వాదననూ నిలబెట్టదు. పోలీస్ స్టేషన్ జనరల్ డైరీలో పాత పద్దును చెరిపి కొత్తది రాయరు, కింద మరో పద్దు చేరుస్తారు. మూడవ దారి చేసేదీ అదే.

అందులో మూడు పట్టికలు చాలు. సాధనం పంపిన ప్రతి అలర్టూ మార్చడానికి వీల్లేని వరుసగా మొదటిదానిలో ఉంటుంది. ఒకే మూలం నుంచి పదేపదే వచ్చేవాటిని కలిపే గుంపు రెండవది. ఎవరు, ఎప్పుడు, ఏ స్థితి నుంచి ఏ స్థితికి, ఏ కారణంతో మార్చారన్నది మూడవది. ఇందులో చేర్చడమే తప్ప దిద్దడం ఉండదు. ప్రస్తుత స్థితి అంటే చివరి నిర్ణయమే. వేగం కోసం దాన్ని గుంపు పట్టికలో నకలుగా ఉంచుకోవచ్చు, కాకపోతే రెండింటినీ ఒకే ట్రాన్సాక్షన్‌లో (రెండూ నమోదు కావాలి, లేదా ఏదీ కాకూడదు) రాయాలి. ఏ అలర్టులు ఒకే గుంపులో చేరాలో తేల్చే కీ విలువ దగ్గర ఆచితూచి అడుగు వేయాలి. ఆఫీసు వైఫైలో ఐపీ చిరునామా మారుతూ ఉంటుంది కాబట్టి దాన్ని కలిపితే ఒకే ల్యాప్‌టాప్ పది సమస్యలుగా కనిపిస్తుంది. నియమం సంఖ్యను మాత్రమే తీసుకుంటే పది ల్యాప్‌టాప్‌లు ఒకే సమస్యగా ముడిపడి, ఒకదాన్ని క్లోజ్ చేయగానే తొమ్మిది మాయమవుతాయి. నియమం సంఖ్య, పరికరం స్థిరమైన గుర్తింపు, అవసరమైన చోట యూజర్ పేరు కలిపితే చాలావరకు సరిపోతుంది.

అలర్టులు ఒక్క సాధనం నుంచే వస్తూ, ఆ సాధనంలోనే కేసులు నడిపే సదుపాయం ఉంటే, సొంత పట్టికలు కట్టడం వృథా శ్రమ. మొదటి దారి కూడా అక్కరలేదు. ఒకటికి మించి సాధనాలున్నచోట మాత్రం నా మొగ్గు మూడవదానికే. తీవ్రత, కాలం, పరికరం, నియమం వంటి పది పన్నెండు కాలమ్‌లకు ఓసీఎస్‌ఎఫ్ పేర్లు, విలువలే వాడి, సాధనం ఇచ్చిన మూల అంకెనూ అసలు జేసన్‌నూ పక్కనే ఉంచుకుంటే రెండవ దారి లాభం కూడా దాదాపుగా దక్కుతుంది.

నిల్వ గడువును మాత్రం మొదటి రోజే ఆలోచించాలి. లాగులను 180 రోజులు ఉంచాలని సెర్ట్-ఇన్ ఆదేశాలు చెబుతున్నాయి; అలర్టుల పట్టికను నెలవారీ పార్టిషన్లుగా (నెలకొక విడి భాగంగా) చేసుకుంటే గడువు తీరినవాటిని తేలికగా తొలగించవచ్చు. నిర్ణయాల పట్టిక చిన్నది కాబట్టి ఏళ్ల తరబడి ఉంచినా భారం కాదు. కానీ అలర్టు వెళ్ళిపోయి నిర్ణయం మిగిలితే, దేని మీద తీసుకున్న నిర్ణయమో తెలియదు. అందుచేత నిజమైన ఘటనగా తేలిన ప్రతి అలర్టు నకలునూ, పార్టిషన్ తొలగించే పని అక్కడికి చేరకముందే, గుంపు పట్టికకు జతచేసే ఏర్పాటు ఉండాలి.