మైదానంలో ఫిర్యాదు సందేశ సేవ: ఒక సీజన్ పాటు వాడిన తరువాత

గత ఆగస్టు నుంచి మే వరకు ఉత్తర ఇంగ్లండ్‌లోని ఒక ప్రీమియర్ లీగ్ ఫుట్‌బాల్ క్లబ్బు మైదానంలో నేను, పదకొండేళ్ళ మా అబ్బాయి కలిసి 17 మ్యాచ్‌లు చూశాం. మావి సీజన్ టికెట్లు. సొంత జట్టు అభిమానులు కూర్చునే స్టాండులో, గోల్‌పోస్టు వెనుక, కింది నుంచి పద్నాలుగో వరుస. ఆ జట్టు ఆటను గురించి రాసేవారు చాలామంది ఉన్నారు. నేను సమీక్షించదలచినది ఆ మైదానంలో ప్రేక్షకుల కోసం ఏర్పాటు చేసిన ఒక సేవను. పక్కన కూర్చున్నవారు ఆటగాళ్ళ రంగునో మతాన్నో పట్టుకుని దూషించినా, అవతలి జట్టువారి చావులను పాటగా కట్టి పాడినా, సీట్లోంచి లేవకుండానే మొబైల్ సందేశం పంపి ఫిర్యాదు చేసే ఏర్పాటు అది. ఇంగ్లండ్ మైదానాల్లో ఇలాంటి నంబర్లు చాలాచోట్ల ఉన్నాయి. ఈ సీజన్‌లో నేను దీన్ని మూడుసార్లు వాడాను. క్లబ్బు పేరు రాయడం లేదు. నేను చూసిన లోపం ఆ ఒక్క క్లబ్బుదే అని నాకు అనిపించకపోవడమే అందుకు కారణం.

సేవ వాడుక విషయంలో చెప్పుకోదగ్గ ఇబ్బంది లేదు. నంబరు ముందు సీటు వీపున అతికించిన చిన్న పట్టీ మీద ఉంటుంది, టికెట్‌తో వచ్చే ఈమెయిల్‌లో ఉంటుంది, ఆట మొదలవడానికి ముందు పెద్ద తెర మీద కూడా కనిపిస్తుంది. బ్లాకు, వరుస, సీటు సంఖ్య, జరుగుతున్నదేమిటో రెండు ముక్కల్లో రాసి పంపితే, అందినట్టు యంత్రం నుంచి వెంటనే జవాబు వస్తుంది. ఆ సమాచారం కంట్రోల్ రూముకు చేరుతుంది. వేలమంది ఒక్కచోట చేరినప్పుడు ఇంటర్నెట్ స్తంభించిపోతుంది కాబట్టి, యాప్‌ను నమ్ముకోకుండా మామూలు సందేశాన్నే ఎంచుకోవడం తెలివైన పని. విరామ సమయంలో మా అబ్బాయి మిగతా మ్యాచ్‌ల స్కోర్లు చూడబోతే ఒక్క పేజీ కూడా తెరుచుకోని రోజున సైతం నా సందేశం వెళ్ళింది.

మొదటిసారి వాడింది సెప్టెంబరులో. మాకు రెండు వరుసల వెనుక కూర్చున్న ఒకతను, అవతలి జట్టు రక్షణ ఆటగాడు త్రో వేయడానికి గీత దగ్గరికి వచ్చిన ప్రతిసారీ, అతని ఒంటి రంగును పట్టుకుని ఒకే మాట అరుస్తున్నాడు. నేను సందేశం పంపిన నాలుగైదు నిమిషాలకు ఛాతీ మీద కెమెరాలు తగిలించుకున్న ఇద్దరు స్టీవార్డులు, అంటే ప్రేక్షకులను అదుపులో ఉంచే మైదాన సిబ్బంది, మెట్ల మీదికి వచ్చి నిలబడ్డారు. వారు నా వైపు చూడలేదు, ఎవరినీ ఏమీ అడగలేదు, మైదానం వైపు చూస్తున్నట్టే ఉన్నారు. అతను మళ్ళీ అరిచాడు. ఇద్దరూ నెమ్మదిగా ఆ వరుసలోకి నడిచి, అతనితో ఒకటి రెండు మాటలు మాట్లాడి, బయటికి తీసుకువెళ్ళారు. చుట్టుపక్కలవారిలో అతని తరఫున నోరెత్తినవారు లేరు. తరువాతి వారం క్లబ్బు నుంచి ఒకావిడ ఫోన్ చేసి, నేను విన్నది విన్నట్టుగా రాయించుకుని, అవసరమైతే వాంగ్మూలం ఇస్తారా అని మర్యాదగా అడిగింది. ఇస్తానన్నాను. ఈ సేవ ఎందుకు పుట్టిందో ఆ పనిని ఆ రోజు చక్కగా చేసింది.

నేను ఎక్కువగా చెప్పవలసింది రెండోసారి గురించి. ఆ రోజు లివర్‌పూల్ జట్టు మా మైదానానికి వచ్చింది. ఆట మొదలై పావుగంట కాకముందే మా స్టాండు పై భాగంలో ఒక పాట పుట్టి, అలలా కిందికి దిగి, మా బ్లాకు మొత్తాన్ని కమ్మేసింది. తప్పెప్పుడూ మీది కాదు, బాధితులు ఎప్పుడూ మీరే అని దాని అర్థం. మాటలు పైకి బూతులు కావు. మా అబ్బాయికి దాని రాగం నచ్చి గొంతు కలపబోయాడు. నేను వాడి మోచేయి పట్టుకున్నాను. “నాన్నా, అందరూ పాడుతున్నారుగా, మనమెందుకు పాడకూడదు?” అని అడిగాడు. చుట్టూ అంత హోరు ఉండగా వాడి చెవి దగ్గర నోరు పెట్టి హిల్స్‌బరో గురించి చెప్పవలసి వచ్చింది.

1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్ నగరంలోని హిల్స్‌బరో మైదానంలో లివర్‌పూల్, నాటింగ్‌హామ్ ఫారెస్ట్ జట్ల మధ్య ఇంగ్లండ్ క్లబ్బుల నాకౌట్ పోటీ అయిన ఎఫ్.ఏ. కప్ సెమీఫైనల్ జరిగింది. బయట పెరిగిపోతున్న జనాన్ని లోపలికి వదలడానికి పోలీసులు ఒక గేటు తెరిపించారు; అప్పటికే కిక్కిరిసి ఉన్న మధ్య గదుల్లాంటి ఆవరణల వైపు వెళ్ళే సొరంగదారిని మాత్రం మూయించలేదు. ముందు ఇనుప కంచె, వెనుక తోసుకొస్తున్న జనం. ఆరు నిమిషాలకే ఆట ఆపారు. నిలబడ్డచోటే ఊపిరాడక నలిగినవారిలో, కాలక్రమంలో మరణించినవారితో కలిపి, 97 మంది చనిపోయారు. అందరికన్నా చిన్నవాడికి పదేళ్ళు. తాగి వచ్చిన అభిమానులే ఇందుకు కారణమని ఆ వారంలోనే ఒక దినపత్రిక మొదటి పేజీలో రాసింది. ఆ మాట అబద్ధమని, అభిమానుల ప్రవర్తన ఆ మరణాలకు కారణం కాదని, వారివి చట్టవిరుద్ధమైన హత్యలేనని ఒక జ్యూరీ తేల్చడానికి 2016 దాకా, అంటే 27 ఏళ్ళు పట్టింది. పిల్లల ఫోటోలు పట్టుకుని తల్లిదండ్రులు కోర్టుల చుట్టూ తిరిగిన కాలం అది. బాధితులు ఎప్పుడూ మీరే అనే పాట ఆ అబద్ధాన్నే మళ్ళీ వారి ముఖాన కొడుతుంది. మాటల్లో బూతు లేకపోయినా, నేను మైదానంలో విన్న బూతులన్నిటికంటె అది హీనమైనది.

సందేశం పంపాను. అందినట్టు జవాబు వచ్చింది. ఆ తరువాత ఎవరూ రాలేదు. మా బ్లాకు కింద నిలబడ్డ స్టీవార్డు ఇరవై ఏళ్ళ కుర్రాడు; పాట సాగినంతసేపూ పెదవులు బిగించి, పసుపు కోటు జేబుల్లో చేతులు పెట్టుకుని నేల చూస్తూ ఉండిపోయాడు. వందల మందిలో అతను ఎవరిని వేలెత్తి చూపగలడు? మైకులో ప్రకటన రాలేదు. తెర మీద ఒక్క వాక్యం కూడా కనిపించలేదు. పాట మరో రెండుసార్లు లేచింది. మ్యాచ్ ముగిసి మేము ట్రామ్ ఎక్కిన తరువాత, మీ ఫిర్యాదును నమోదు చేశాం అని ఒక సందేశం వచ్చింది, అంతే.

నా పక్క సీటు పెద్దాయన ఆ పాట పాడలేదు. ఆయన నలభై ఏళ్ళకు పైగా ఈ జట్టు అభిమాని. లివర్‌పూల్ గెలిస్తే ఆ రాత్రి భోజనం సహించదని నవ్వుతూ చెప్పే మనిషి. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, పాట ఆగేదాకా కదలకుండా కూర్చుని, ఆ తరువాత నాతో ఒక మాట అన్నారు. ఆ రోజుల్లో దేశంలో చాలా పెద్ద మైదానాల్లో అలాంటి కంచెలే ఉండేవట. ఆయన కూడా అలాంటి కంచె వెనుకే, పాదాలు నేలకు ఆనకుండా జనం ఒత్తిడికి తేలిపోతూ ఆట చూసేవారట. ఆ సెమీఫైనల్ మా జట్టు ఆడి ఉంటే ఆ 97 మంది మావాళ్ళే అయ్యేవారు అన్నారు. ఆ ప్రమాదంపై 1990లో వచ్చిన టేలర్ నివేదిక తరువాతనే కంచెలు తొలగి, పెద్ద మైదానాల్లో ప్రతి ఒక్కరికీ సీటు వచ్చింది. మా అబ్బాయి కూర్చున్న ఆ ప్లాస్టిక్ సీటు, దాని వీపున ఫిర్యాదు నంబరు, అన్నీ ఆ చావుల తరువాత వచ్చినవే.

తెనాలి దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్ళో, పొలం గట్టు తగాదాతో పదేళ్ళుగా మాటల్లేని ఇంట్లో చావు జరిగితే మా తాతయ్య కండువా వేసుకుని వెళ్ళి, గుమ్మంలో కాసేపు కూర్చుని వచ్చారు. తగాదా ఆ తరువాత కూడా నడిచింది. పరామర్శ దాని దారి దానిదే. పోటీని, పగను కూడా నేను అర్థం చేసుకోగలను. మా జట్టు గెలవాలని గొంతు పోయేలా అరుస్తాను. అవతలివాడి ఇంటి శవాన్ని పాటలోకి లాగడం మాత్రం నాకు ఏ కోణంలోనూ మింగుడుపడదు.

ఇది ఒక్కవైపు నుంచే జరుగుతున్నదని ఎవరూ అనుకోకూడదు. 1958 ఫిబ్రవరి 6న మ్యూనిక్‌లో జరిగిన విమాన ప్రమాదంలో 23 మంది చనిపోయారు. వారిలో ఎనిమిది మంది మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాళ్ళు. ఇరవై ఒక్కేళ్ళ డంకన్ ఎడ్వర్డ్స్ పదిహేను రోజులు ఆసుపత్రిలో పోరాడి కన్నుమూశాడు. ఆ జట్టు కనిపిస్తే చేతులు విమానం రెక్కల్లా చాచి ఊగేవారు ఇప్పటికీ ఉన్నారు. 2023 మార్చిలో లివర్‌పూల్ సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌లో ఈ రెండు జట్ల మ్యాచ్‌కు ముందు యునైటెడ్ మేనేజర్ ఎరిక్ టెన్ హాగ్, లివర్‌పూల్ మేనేజర్ యుర్గన్ క్లోప్ ఇద్దరూ కలిసి, చావుల మీద పాటలు మానండని తమ తమ అభిమానులను బహిరంగంగా కోరారు. అంతటివారు నోరు తెరిచి అడగవలసి వచ్చిందంటే రోగం ఎంత ముదిరిందో తెలుస్తుంది.

చట్టం లేదా అంటే, ఉంది. 1991 నాటి ఫుట్‌బాల్ నేరాల చట్టం మైదానంలో అసభ్యమైన లేదా జాతివివక్షతో కూడిన నినాదాలను నేరంగా ప్రకటించింది. మొదట్లో ఇతరులతో కలిసి అరిస్తేనే అది నేరం. 1999లో సవరించి, ఒంటరిగా అరిచినా నేరమేనన్నారు. అంటే చట్టం గుంపుతో మొదలై మనిషి దగ్గరికి వచ్చింది, ఈ సందేశ సేవ మాత్రం మనిషి దగ్గరే ఆగిపోయింది. చావులను ఎగతాళి చేసే పాట అసభ్యం, జాతివివక్ష అనే ఆ రెండు తరగతుల్లోనూ సూటిగా ఇమడదు కాబట్టి, అలాంటి వాటిపై ప్రజాశాంతి చట్టం కింద కేసులు పెట్టవచ్చని ప్రాసిక్యూషన్ విభాగం 2023లో స్పష్టం చేసింది. ఆ ఏడాది జూన్‌లో లండన్‌లోని వెంబ్లీ మైదానంలో ఎఫ్.ఏ. కప్ ఫైనల్‌కు, 97 చాలలేదు అనే అర్థం వచ్చే చొక్కా వేసుకుని వచ్చిన ఒకతనికి 1,000 పౌండ్ల జరిమానా, మ్యాచ్‌లకు రాకుండా నాలుగేళ్ళ నిషేధం పడ్డాయి. అతని వీపు మీద అక్షరాలు ఉన్నాయి కాబట్టి దొరికాడు. పాటకు వీపు లేదు.

మూడో అనుభవం చిన్నదే అయినా దాచను. ఫిబ్రవరిలో నలుగురు కుర్రాళ్ళు అతిథి జట్టు అభిమానుల వైపు చిల్లర నాణేలు విసురుతుంటే సందేశం పంపాను. ఈసారి వచ్చిన స్టీవార్డు నేరుగా మా వరుసలోకి వచ్చి, అందరికీ వినపడేలా, “సందేశం పంపింది మీరేనా సార్?” అని అడిగాడు. ఆ నలుగురూ వెనుదిరిగి నన్నూ, నా పక్కన ఉన్న పిల్లవాణ్ణీ చూశారు. మిగిలిన అరగంట ఆటలో నేను చూసిందేమీ గుర్తులేదు. ఆఖరి ఈల కోసం ఆగకుండా వాడి చేయి పట్టుకుని బయటికి వచ్చేశాను. పేరు బయటపడదన్న భరోసా మీదే నిలిచే సేవను, ఒక్క మాటతో కూల్చేయవచ్చని ఆ రోజు తెలిసింది. క్లబ్బుకు రాశాను, క్షమాపణ చెప్పారు, సిబ్బందికి మళ్ళీ శిక్షణ ఇస్తామన్నారు.

ఐదింటికి మూడు మార్కులు వేస్తున్నాను. ఒక మనిషి చేసే దుర్మార్గానికి ఈ సేవ త్వరగా, పద్ధతిగా స్పందిస్తుంది. నాలుగో మార్కు ఫిబ్రవరి సంఘటన వల్ల పోయింది. ఐదోది పోయింది గుంపు పాట దగ్గర. ఒకే బ్లాకు నుంచి ఒకే సమయంలో పది సందేశాలు వస్తే అది కంట్రోల్ రూముకు తెలుస్తుంది కదా. అప్పుడు మైకులో జట్టు కెప్టెన్ గొంతుతో ముందే రికార్డు చేసిన నాలుగు మాటలు వినిపించడం, ఆ బ్లాకు వైపు కెమెరా తిప్పి ముఖాలను నమోదు చేయడం, పంపినవారికి ఏం చర్య తీసుకున్నారో వారంలోగా చెప్పడం, ఈ మూడూ క్లబ్బు చేతిలో ఉన్న పనులే. ఇవే క్లబ్బుకు లేఖలో రాశాను.

మీరు ఎప్పుడైనా వాడవలసి వస్తే నా వాడుకలో తేలిన సంగతులు కొన్ని. నంబరును ఇంటి దగ్గరే ఫోన్‌లో దాచుకోండి. బ్లాకు, వరుస, సీటు ముందు రాయండి, విన్న మాటలు తరువాత. కంట్రోల్ రూముకు మొదట కావలసింది చోటు. మీ సీటు సంఖ్య కాకుండా అరుస్తున్నవారి సీటు సంఖ్య ఇవ్వండి, నా దగ్గరికి రావద్దు అని కూడా ఒక మాట చేర్చండి. సమయం గుర్తు పెట్టుకోండి, కెమెరాలో వెతకడానికి అదే ఆధారం. వచ్చే సీజన్‌కు మా రెండు టికెట్లూ మళ్ళీ తీసుకున్నాను. ఆ పెద్దాయన పక్కనే, అదే వరుసలో. లివర్‌పూల్ వచ్చే రోజు మా అబ్బాయి కూడా వస్తానన్నాడు.