వెండిరంగు కవర్లు, ఒక మూతడబ్బా: ఆరేళ్లు వాడాక

మా ఇంట్లో అటక మీద ఆవకాయ జాడీల పక్కన నా కంప్యూటర్ విడిభాగాల డబ్బా ఒకటి ఉంటుంది. రెండు మదర్‌బోర్డులు, ఏడు ర్యామ్‌లు, ఒక పాత గ్రాఫిక్స్ కార్డు, రెండు హార్డ్ డిస్కులు అందులో ఉంటాయి. చుట్టాల్లో ఎవరి సిస్టమ్ మొండికేసినా ముందు ఆ డబ్బా కిందికి దిగాల్సిందే.

ఇదివరకు నా పద్ధతి ఘోరంగా ఉండేది. ర్యామ్‌ని కూరగాయలు తెచ్చిన క్యారీబ్యాగులో చుట్టి సొరుగులో పడేసేవాణ్ణి. 8 జీబీ డీడీఆర్4 ర్యామ్ ఒకటి అలా ఎనిమిది నెలలు ఉండిపోయింది. దాన్ని మా బావగారి సిస్టమ్‌లో పెడితే విండోస్ చక్కగా వచ్చింది. కానీ వారానికి రెండుసార్లు నీలం స్క్రీన్ వచ్చి ఆగిపోయేది! ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్ ప్రోగ్రామ్ రాత్రంతా నడిపితే మూడో రౌండులో ఎర్రగీతలు బయటపడ్డాయి. స్టాటిక్ (రాపిడి వల్ల ఒంట్లో, ప్లాస్టిక్‌లో పేరుకునే విద్యుత్ చార్జి) వల్లే పోయిందని ఒట్టేసి చెప్పలేను. ఈ దెబ్బతో ఉన్న చిక్కే అది. చిప్ అప్పటికప్పుడు చావకుండా, లోపల దెబ్బ తిని కొన్నాళ్లు పనిచేస్తూ సతాయించొచ్చు. చలికాలంలో తలుపు గడియ ముట్టుకుంటే చిటుక్కుమంటుంది చూడండి, అది మనకు తెలియాలంటేనే సుమారు 3000 వోల్టులు ఉండాలి. కొన్ని చిప్‌లకు 100 వోల్టులు కూడా అక్కర్లేదు. అంటే మనకు షాక్ తగల్లేదు కాబట్టి పార్టుకీ ఏం కాలేదనుకోవడానికి లేదు.

2019లో సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లి స్టాటిక్ నుంచి పార్టుల్ని కాపాడే కవర్లు అడిగితే, షాపతను గులాబీరంగువి, వెండిరంగువి రెండూ చూపించాడు. చవకని ముందు గులాబీవే కొన్నాను, తప్పు చేశాను. అవి తమంతట తాము స్టాటిక్ పుట్టించవు, అంతే. బయటి నుంచి వచ్చే దెబ్బను ఆపవు. పైగా వాటికున్న ఆ గుణం కొన్నేళ్లకు తగ్గిపోతుంది. వెండిరంగు వాటిలో పల్చటి లోహపు పొర ఉంటుంది. మూతి పూర్తిగా మూస్తేనే అది కాపాడేది. సగం బయటికి కనిపించేలా ర్యామ్ పెడితే కవరు ఉన్నా లేనట్టే. ఇవి కూడా కలకాలం రావు. మడతపడ్డ చోట పొర చిట్లుతుంది. ఏడాదికోసారి ట్యూబ్‌లైటుకు ఎదురుగా పట్టి చూస్తాను, సూదిమొన లాంటి వెలుగుచుక్కలు కనిపిస్తే ఆ కవరును స్క్రూలకు వాడేస్తాను.

ఒక్క జాగ్రత్త. బోర్డును కవరు మీద పెట్టి పవర్ ఇచ్చేవాళ్లను చూస్తుంటాను. ఆ పొర లోహం, దాని మీద కరెంటుతో ఆటలేంటి? నేనైతే మామూలు అట్ట మీద పెడతాను. కవర్లు లేవని అల్యూమినియం ఫాయిల్ చుట్టడం కూడా వద్దు. బోర్డు మీద గుండ్రటి బ్యాటరీ ఉంటుంది కదా, షార్ట్ అవుతుంది. థర్మాకోల్ జోలికి అసలు పోవద్దు, స్టాటిక్‌కి అది పుట్టిల్లు.

కవరు మాట సరే, మా ఇంట్లో అసలు శత్రువు వానాకాలం. మొదటి ఏడాది ముసురుకే బోర్డు వెనకపెట్టే రేకు తుప్పు పట్టింది. ఒక పవర్ సప్లైలో చీమలు కాపురం పెట్టాయి. అప్పటి నుంచి రబ్బరు అంచున్న మూతడబ్బా, అందులో సిలికా జెల్ పొట్లాలు. నీలం గింజలు గులాబీ రంగుకి తిరిగితే తేమ పీల్చేసినట్టు. అయిదేళ్లలో మళ్లీ తుప్పు చూడలేదు.

పార్టులు ముట్టుకునేటప్పుడు ఒంట్లోని స్టాటిక్‌ని నేలలోకి పంపే మణికట్టు పట్టీ కొంటే, వైరున్నదే కొనండి. అందులో ఒక మెగా ఓమ్ రెసిస్టర్ ఉంటుంది, మన భద్రత కోసమే. వైరు లేని పట్టీ కూడా కొని చూశాను. వైరు లేకపోతే చార్జి ఎటు పోతుంది? మా అబ్బాయికి వాచీగా పనికొచ్చింది.

మదర్‌బోర్డులో ప్రాసెసర్ కూర్చునే సాకెట్ మీది నల్ల ప్లాస్టిక్ మూత మాత్రం పారేయకండి. అది పోగొట్టుకున్న బోర్డులో నా బొటనవేలికి రెండు పిన్నులు వంగాయి. భూతద్దం, గుండుసూది పట్టుకుని ఒక ఆదివారం మొత్తం కూర్చోవాల్సి వచ్చింది.

కవర్లతో నా ఫిర్యాదు ఒక్కటే, జిప్. నాలుగైదుసార్లు తెరిస్తే పట్టు వదిలేస్తుంది. మూతి మడిచి టేపు వేసి, దాని మీదే ఏ పార్టో, ఎప్పుడు టెస్ట్ చేశానో రాస్తున్నాను. కొన్న 50లో ఇప్పుడు 11 మిగిలాయి. రెండింట్లో మా అమ్మ అప్పడాలు దాచింది, మెత్తబడలేదట.