తెలుగు లెక్కల నోట్సుకు డీవీఐఎస్వీజీఎం: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

గణితం కూర్చడానికి వాడే టెక్, లాటెక్ సాఫ్ట్‌వేర్‌లలో తయారైన పేజీని ఎస్వీజీ బొమ్మగా (ఎంత పెంచినా చెదరని గీతల బొమ్మగా) మార్చే చిన్న కమాండ్‌లైన్ టూల్ డీవీఐఎస్వీజీఎం. తిరుపతిలో డీఎస్సీకి చదివేవాళ్ళకు లెక్కలు చెబుతూ, వాళ్ళకోసం నోట్సు తయారుచేసే పనిలో దీన్ని కొన్నేళ్ళుగా వాడుతున్నాను. తెలుగు మాటలూ గణిత సూత్రాలూ కలిసి ఉన్నదాన్ని ఫోన్‌లో, ప్రొజెక్టర్ మీద, ప్రెస్‌లో ఒకే రూపంలో నిలబెట్టిన టూల్ నా అనుభవంలో ఇదొక్కటే. లోపాలు లేవని కాదు. వాటిలో ఒకటి చాలా పెద్దది, దాని సంగతి చివర్లో చెబుతాను.

మన పాఠ్యపుస్తకాలు ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగుగా వస్తున్నాయి కాబట్టి నా దగ్గరకు వచ్చేవాళ్ళకు రెండూ కావాలి. 'సగటు వేగం' సూత్రాన్నే తీసుకోండి. గీతకు పైన 'మొత్తం దూరం', కింద 'పట్టిన కాలం'. బ్రౌజర్‌లో సూత్రాలు చూపించే జావాస్క్రిప్ట్ లైబ్రరీలకు ఎక్స్ స్క్వేర్, రూట్ టూ లాంటివి నీళ్ళు తాగినంత సులువు. భిన్నంలోకి తెలుగు రాగానే మాత్రం అక్షరాలు ఫోన్‌లో ఉన్న ఏదో ఒక ఫాంట్‌లో పడతాయి. సైజు కలవదు. 'మొత్తం'లోని వత్తు దిగి గీతకు తగులుతుంది. ఒక ఫోన్‌లో బాగున్నది ఇంకో ఫోన్‌లో ఉండదు. చదివేవాళ్ళకు అసలే పరీక్ష టెన్షన్, దానికి తోడు సూత్రాన్ని కూడా పోల్చుకోలేకపోతే ఎలా?

యూనికోడ్ ఫాంట్లు వాడుకోగలిగే లాటెక్ రూపమైన జీలాటెక్‌లో కూరిస్తే ఆ వత్తు ఎక్కడ ఉండాలో అక్కడే ఉంటుంది. ఫాంట్లు ఎంచుకునే ఫాంట్‌స్పెక్ ప్యాకేజీలో స్క్రిప్ట్ తెలుగు అని చెప్పడం మరిచిపోకూడదు, చెప్పకపోతే వత్తులు విడిపోతాయి. అలా విడిపోతే తప్పు ఈ టూల్‌ది కాదు. జీలాటెక్‌ను పీడీఎఫ్ వద్దనే ఆప్షన్‌తో నడిపితే ఎక్స్‌డీవీ అనే ఫైలు వస్తుంది. 1979లో డేవిడ్ ఫుక్స్ రూపొందించిన డీవీఐ (టెక్ ఇచ్చే పేజీ ఫైలు) పద్ధతినే యూనికోడ్ ఫాంట్ల కోసం పెంచిన రూపం అది. డీవీఐని పీఎన్‌జీ చేసే పాత టూల్ దీన్ని చదవలేదు. డీవీఐఎస్వీజీఎం చదువుతుంది. మనలాంటి లిపులవాళ్ళకు దీని విలువంతా ఇక్కడే ఉంది. దీన్ని రాసినాయన పేరు మార్టిన్ గీసెకింగ్. టూల్ పూర్తిగా ఉచితం. టెక్‌ను మొత్తంగా ఇన్‌స్టాల్ చేసే టెక్ లైవ్‌లోనూ మిక్‌టెక్‌లోనూ దానంతటదే వస్తుంది కాబట్టి ఇన్‌స్టాలేషన్ గురించి చెప్పడానికేమీ లేదు.

కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు తడబడేది ఫాంట్ల దగ్గర. ఏ ఆప్షనూ ఇవ్వకుండా నడిపితే ఈ టూల్ అక్షరాలను ఎస్వీజీ ఫాంట్లుగా ఫైల్లో పెడుతుంది. పద్ధతి ప్రకారం అది సరైనదే. కానీ క్రోమ్ ఆ ఫాంట్లకు సపోర్టు ఎప్పుడో తీసేసింది, ఫైర్‌ఫాక్స్ అసలు ఇవ్వనేలేదు. అందువల్ల బ్రౌజర్‌లో అక్షరాల బదులు పిచ్చి గుర్తులు, డబ్బాలు కనిపిస్తాయి. దీనికి మందు నో ఫాంట్స్ అనే ఆప్షన్. అది ఇస్తే ప్రతి అక్షరమూ గీతల బొమ్మగా మారిపోతుంది, ఏ ఫోన్‌లోనైనా ఒకేలా కనిపిస్తుంది. ఒక్కో అక్షరం ఆకారాన్ని ఒకసారే రాసి, మళ్ళీ వచ్చిన చోటల్లా దాన్నే వాడుకుంటుంది కాబట్టి ఫైలు మనం భయపడినంత పెరగదు. పాకాల, పుత్తూరు నుంచి వచ్చిపోయే పిల్లలు బస్సులో కూర్చుని తెరిచినా త్వరగానే తెరుచుకుంటోంది. పేజీ నిండా వాక్యాలే ఉంటే మాత్రం ఫాంటును వెబ్ ఫాంట్లకు వాడే వోఫ్2 రూపంలో ఫైల్లోనే పెట్టించడం మేలు.

ఇంకో రెండు సంగతులు ముందే తెలిసి ఉండాలి. చెప్పకపోతే ఇది మొదటి పేజీ మాత్రమే మారుస్తుంది, మిగతావి కావాలంటే పేజీ ఆప్షన్‌లో అడగాలి. బొమ్మ అంచు దగ్గర వత్తు కొసో గుడి పైభాగమో తెగినట్టు కనిపిస్తే ఎగ్జాక్ట్ బీబాక్స్ ఆప్షన్ ఇవ్వాలి. అప్పుడు అక్షరం అసలు హద్దులను కొలిచి చట్రం వేస్తుంది.

ఈ నో ఫాంట్స్ ఆప్షన్ విలువ నాకు పూర్తిగా అర్థమైంది ప్రెస్‌లో. తిరుపతి ప్రెస్‌లలో ఇప్పటికీ చాలామంది డీటీపీవాళ్ళు యూనికోడ్ ముందటి ఫాంట్లతోనే పనిచేస్తారు. యూనికోడ్ తెలుగును వాళ్ళ పాత సాఫ్ట్‌వేర్‌లో పేస్ట్ చేస్తే వత్తులన్నీ ఊడి పక్కన నిలబడతాయి. ఎస్వీజీ పంపితే ఆ గొడవే లేదు. మా నోట్సు వేసే ప్రెస్‌లో డీటీపీ చేసే అబ్బాయి మొదటిసారి ఫైలు తెరిచి, 'సార్, కర్వ్స్ చేసే పంపినారా? అయితే నాకు పనే లేదే' అన్నాడు. అక్షరాలను గీతలుగా మార్చడాన్నే వాళ్ళు కర్వ్స్ చేయడం అంటారు. ఎంత పెద్దగా లాగినా అంచు నున్నగా ఉంటుంది. గోడకు పెట్టే సూత్రాల ఫ్లెక్సీ కూడా అదే ఫైలుతో వేయించాం.

జ్యామితి బొమ్మలకు కాస్త శ్రమ ఉంది. లాటెక్‌లో బొమ్మలు గీసే టిక్‌జెడ్ ప్యాకేజీతో గీసిన త్రిభుజాలు మామూలుగా పంపితే సరిగా రావు, డాక్యుమెంట్ క్లాస్‌లోనే డీవీఐఎస్వీజీఎం అనే ఆప్షన్ ఇవ్వాలి. ఇచ్చాక బ్రహ్మాండంగా వస్తాయి. అలాంటిదే ఇంకో ప్యాకేజీ పీఎస్‌ట్రిక్స్ వాడేవాళ్ళకు పోస్ట్‌స్క్రిప్ట్‌ను చదివే ఘోస్ట్‌స్క్రిప్ట్ లైబ్రరీ ఉండాలి. విండోస్‌లో అది ఎక్కడుందో టూల్‌కు మనమే చూపించాల్సి రావచ్చు. పీడీఎఫ్‌ను నేరుగా ఎస్వీజీ చేసే సౌకర్యం కూడా ఉంది. కాకపోతే ఘోస్ట్‌స్క్రిప్ట్ 10.01 నుంచి ఆ దారి మూసుకుపోయింది, ఇప్పుడు మ్యూటూల్ అనే ఇంకో పీడీఎఫ్ టూల్ పెట్టుకోవాలి. ఎస్వీజీని జిప్ చేసే ఆప్షన్ జోలికి నేను పోను. ఆ ఫైలును వాట్సాప్‌లో పంపితే ఫోన్‌లో నేరుగా తెరుచుకోదు.

ఇక పెద్ద లోపం. అక్షరం గీత అయిపోయాక అది అక్షరం కాదు. వెతికితే దొరకదు, కాపీ కాదు, చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు అక్కడ ఏమీ ఉండదు. ఫాంటుతో సహా పెట్టినా తెలుగు సంయుక్తాక్షరాల విషయంలో వెతుకులాట నమ్మదగ్గట్టు లేదు. పీడీఎఫ్ అయితే జీలాటెక్ వెనక ఉన్న జీటెక్‌లో యాక్చువల్ టెక్స్ట్ అనే సెట్టింగ్‌తో అసలు అక్షరాలను వెనక ఉంచొచ్చు. ఎస్వీజీలో అలాంటిది ఈ టూల్ చేసిపెట్టదు. అందుకే పేజీలు పేజీలుగా నోట్సునంతా ఎస్వీజీ చేయమని ఎవరికీ చెప్పను. పాఠంలోని వాక్యాలు మామూలు యూనికోడ్‌లోనే ఉంచి, సూత్రాలకూ బొమ్మలకూ మాత్రమే దీన్ని వాడుతున్నాను. వాక్యం మధ్యలో వచ్చే చిన్న సూత్రాలు వరుసకు కొంచెం పైకో కిందికో పోతాయి, వాటిని వెబ్ పేజీ రూపాన్ని దిద్దే సీఎస్‌ఎస్‌లో చేత్తో సర్దుకోవాలి. విసుగు పుట్టించే పనే అయినా తప్పదు.

ప్రతి బొమ్మకూ వెనక వివరణ రాయడం మొదలుపెట్టింది చూపు లేని ఒక అమ్మాయి మా బ్యాచ్‌లో చేరాక. ఆమె తెర మీదున్నది చదివి వినిపించే ఎన్‌వీడీఏ సాఫ్ట్‌వేర్‌తో చదువుకుంటుంది. 'మొత్తం దూరం భాగించు పట్టిన కాలం' అని రాస్తే చిన్న సూత్రాలకు సరిపోయింది. చక్రవడ్డీ సూత్రం దగ్గరికి వచ్చేసరికి, 'సార్, భిన్నం ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోయిందో నాకు తెలియడం లేదు' అంది. అప్పటినుంచి 'లవంలో ఇది, హారంలో ఇది, భిన్నం ముగిసింది, బ్రాకెట్ మొత్తానికి ఘాతం ఇంత' అని విడమరిచి రాస్తున్నాను. ఈ వివరణను లాటెక్ ఫైల్లోనే సూత్రం పక్కన కామెంటుగా పెట్టుకుని, ఎస్వీజీ తయారయ్యాక చిన్న స్క్రిప్టుతో దాని టైటిల్‌లోకి చేరుస్తున్నాను. కొత్తగా ఈ టూల్ మొదలుపెట్టేవాళ్ళు మొదటి సూత్రం నుంచే ఈ పని చేసుకుంటూ వెళ్ళండి, తర్వాత వందల ఫైళ్ళకు ఒకేసారి రాయడం చాలా కష్టం.