‘అన్‌కట్’ అని చెప్పి అంటగట్టిన వీడియోడ్రోమ్ డిస్క్: కొనేముందు ఇది చదవండి

పాత హారర్ సినిమాల డిస్కులు ఆన్‌లైన్‌లో కొనేవాళ్ళ కోసం రాస్తున్నాను. మిగతావాళ్ళు దాటేసినా ఫర్వాలేదు, కానీ ఇంట్లో పెద్దవాళ్ళ మధ్య కూర్చుని సినిమాలు చూసే అలవాటుంటే మధ్యలో ఒక ముక్క మీకూ పనికొస్తుంది.

పోయిన నెల ఒక సెల్లర్ దగ్గర వీడియోడ్రోమ్ డీవీడీ ఆర్డర్ పెట్టాను. పేరు చెప్పను, చెప్పినా లాభం లేదు, రేపు ఇంకో పేరుతో వస్తాడు. 1,850 రూపాయలు, కొరియర్‌కి ఇంకో 90. లిస్టింగ్‌లో ‘ఇంపోర్టెడ్, అన్‌కట్, ఆల్ రీజియన్, సీల్డ్’ అని ఉంది, కింద నిడివి 89 నిమిషాలు అని కూడా రాశాడు. ఆ నాలుగు మాటల్లో రెండు నిజమే. సీల్ ఉంది, కాకపోతే వాళ్ళింట్లో వేసిన సీల్. ఆల్ రీజియన్ కూడా నిజమే, ఇంట్లో కాపీ కొట్టిన డిస్కుకి రీజియన్ లాక్ (ఫలానా దేశాల ప్లేయర్లలోనే తిరిగేలా పెట్టే తాళం) ఎవడు పెడతాడు?

సినిమా తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. 1983లో వచ్చింది, కెనడా దర్శకుడు డేవిడ్ క్రోనెన్‌బర్గ్ తీశాడు. టొరంటోలో ఒక చిన్న టీవీ ఛానెల్ నడిపేవాడు (జేమ్స్ వుడ్స్), మిగతా ఛానెళ్ళలో లేనిదేదైనా కావాలని వెతుకుతూ వెతుకుతూ ఒక దొంగ సిగ్నల్ పట్టుకుంటాడు. అందులో కథ లేదు, పాత్రలు లేవు, ఎర్రమట్టి గోడ ముందు మనుషుల్ని కొట్టడం, హింసించడం, అంతే. ముందు అది మలేషియా నుంచి వస్తోందనుకుంటారు, తీరా చూస్తే అమెరికాలో పిట్స్‌బర్గ్. ఆ సిగ్నల్ చూసినవాళ్ళ మెదడులో గడ్డ పెరుగుతుంది, లేనివి కనబడటం మొదలవుతుంది. ఇక అక్కడి నుంచి ఏది నిజమో, ఏది వాడి తలలోదో మనకీ తెలియదు. దొంగ సిగ్నల్ గురించిన సినిమాని దొంగ డిస్కులో చూశానని మా బావమరిది ఇప్పటికీ ఎగతాళి చేస్తున్నాడు.

లిస్టింగ్‌లో దీన్ని ‘సైన్స్ ఫిక్షన్ థ్రిల్లర్’ అని రాశాడు. డిస్కు గొడవకి ముందు నాకు తగిలిన మొదటి దెబ్బ అదే. శనివారం రాత్రి, నేను, మా ఆవిడ, వాళ్ళ తమ్ముడు కూర్చున్నాం. బ్లాండీ బ్యాండ్ సింగర్ డెబొరా హ్యారీ ఇందులో ఒక ముఖ్య పాత్ర వేసింది. ఆమె తన ఒంటిమీద తనే సిగరెట్టుతో కాల్చుకునే సీన్ రాగానే మా ఆవిడ లేచి వెళ్ళిపోయింది, వెళ్తూ వెళ్తూ ‘మీ ఇద్దరికీ ఇదా థ్రిల్లరు’ అంది. బావమరిదికి ఇది రెండోసారి, కాలేజీలో ఉన్నప్పుడు ఫ్రెండ్ దగ్గర చూశాట్ట. మొదటి అరగంట జోకులేశాడు, టీవీ పెట్టె ఊపిరి పీల్చి వదలడం మొదలయ్యాక నోరు మూతపడింది. ఆ టీవీకి నరాలు ఉబ్బుతాయి, తెరమీద పెదాలు ముందుకొస్తాయి, హీరో వెళ్ళి అందులో మొహం పెడతాడు. కంప్యూటర్ గ్రాఫిక్స్ ఏమీ లేవు, అంతా చేత్తో చేసిందే. మేకప్ పని చూసుకున్నది రిక్ బేకర్, అంతకు ముందు ఏడాదే ఆస్కార్ కొట్టినాయన. నలభై ఏళ్ళు దాటినా ఆ సీను చూస్తే నాకు చేతులమీద వెంట్రుకలు లేచాయి.

సరిగ్గా హీరో పొట్టమీద నిలువుగా చీలిక తెరుచుకుని, దాంట్లోకి క్యాసెట్టు దూర్చే టైముకి మా అమ్మ మిరపకాయ బజ్జీల ప్లేటు పట్టుకుని వచ్చింది. రిమోట్ సోఫా సందులో పడిపోయింది, దొరకలేదు. అమ్మ అలాగే నిలబడి చూసి, ‘ఏమిట్రా, వాడికి పొట్టలో వీసీఆర్ పెట్టారా?’ అంది. ఆ సినిమా గురించి నేను విన్న అన్ని మాటల్లోకీ అదే సూటిగా ఉంది. ఆ తర్వాత మా ఊళ్ళో పెళ్ళికి కలర్ టీవీ, వీసీఆర్ అద్దెకి తెచ్చి తెల్లవారేదాకా మూడు సినిమాలు వేసిన సంగతి చెప్పుకుంటూ లోపలికెళ్ళింది. బజ్జీలు మాత్రం ఎవరూ ముట్టలేదు. (సినిమాలోని ఆ క్యాసెట్లు బీటామ్యాక్స్‌వి. అప్పటి ఇంకో రకం, వీహెచ్ఎస్ క్యాసెట్ పెద్దది కావడంతో ఆ పొట్ట చీలికలో పట్టక ఇవి వాడారు.)

కాబట్టి ముందే చెప్తున్నాను, ఇది అమ్మానాన్నలతోనో, భోజనం చేస్తూనో పెట్టుకునే సినిమా కాదు. పిల్లలున్న ఇంట్లో అసలు వద్దు. దీన్ని చూసినవాళ్ళు రెండు జట్లుగా విడిపోతారు, ఒకళ్ళు ఛీ అంటారు, రెండోవాళ్ళు ఇప్పటి మన ఫోన్ల బతుకుని అప్పుడే చెప్పేశాడంటారు. నన్నడిగితే ఇద్దరిదీ నిజమే. చివరి అరగంటలో కథ చేజారుతుంది, ఎవరు ఎవరిని ఎందుకు చంపుతున్నారో రెండోసారి చూసినా బావమరిదికి అర్థం కాలేదు. కానీ టీవీలో తప్ప మామూలుగా ఎక్కడా కనబడని ఒక ప్రొఫెసర్ పాత్ర ఉంది, టొరంటోలోనే పాఠాలు చెప్పిన మీడియా పండితుడు మార్షల్ మెక్‌లూహన్‌ని చూసి రాసుకున్నది. ఆయన మాట్లాడే నాలుగు మాటలు విన్నాక, రాత్రి పదకొండింటికి రీల్స్ తోస్తున్న నా బొటనవేలు నాకే కొత్తగా కనబడింది. విడుదలప్పుడు డబ్బులు రాలేదు, దాదాపు 60 లక్షల డాలర్లు పెడితే 20 లక్షల పైచిలుకు వచ్చింది. అదే సినిమాకి కెనడాలో జీనీ అవార్డుల్లో ఉత్తమ దర్శకుడి బహుమతి ఇచ్చారు, అదీ ఇంకొకరితో కలిపి పంచారు. అప్పట్నుంచీ ఇంతే.

ఇక అసలు సంగతి. చివర్లో ఒక కళ్ళజోళ్ళ కంపెనీ ఫంక్షన్‌లో స్టేజీమీద ఒకడు చస్తాడు. ఎలా చస్తాడో చెప్పను, ఈ సినిమా పేరు చెప్పగానే చాలామంది చెప్పే సీన్లలో అదొకటి. మా డిస్కులో అది మొదలవడం, అయిపోవడం రెండూ ఒకేసారి జరిగాయి. బావమరిది లేచి నిలబడి ‘ఇక్కడ ఇంకా ఉండాలి బావా, కోసేశాడు’ అన్నాడు. ప్లేయర్‌లో మొత్తం టైము చూస్తే 1 గంట 27 నిమిషాలు. అమెరికా థియేటర్లలో ‘ఆర్’ రేటింగ్ (అక్కడి వయసు సర్టిఫికెట్) కోసం కత్తిరించిన ప్రింటు నిడివి 87 నిమిషాలు, పూర్తి సినిమా 89. రెండు నిమిషాలే కదా అనకండి, ఆ రెండు నిమిషాల కోసమే నేను 1,850 పెట్టింది.

సెల్లర్‌కి మెసేజ్ పెట్టాను. వెంటనే జవాబు, ‘సర్ ఇది పాల్ డిస్క్, పాల్‌లో సినిమా కొంచెం స్పీడ్‌గా నడుస్తుంది, అందుకే టైము తగ్గుతుంది.’ ఈ జవాబుకి చాలామంది పడిపోతారు, ఎందుకంటే సగం నిజం. పాల్ అనేది మన దేశం, యూరప్ వాడిన టీవీ సిగ్నల్ పద్ధతి. సెకనుకి 24 ఫ్రేములున్న సినిమాని పాల్‌లో 25 చొప్పున నడుపుతారు, కాబట్టి 89 నిమిషాల సినిమా పాల్ డీవీడీలో 85 చిల్లరకి దిగుతుంది. మరి నాకు 87 ఎలా వచ్చింది? డిస్క్ కంప్యూటర్‌లో పెట్టి వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌లో కోడెక్ (ఫైలు సాంకేతిక) వివరాలు చూశాను. ఫ్రేమ్ రేట్ 29.97, ఎత్తు 480 గీతలు. అది ఎన్‌టీఎస్‌సీ, అంటే అమెరికా పద్ధతి, అందులో సినిమా స్పీడ్ పెరగదు; పాల్ అయితే 576 ఉండాలి. ఆ స్క్రీన్‌షాట్ పంపాక మా వాడు మాట మార్చి, 300 తిరిగిస్తాను, రేటింగ్ ఐదు స్టార్లు ఇవ్వండన్నాడు.

అప్పుడు గానీ డిస్క్ తిప్పి చూడాలని తోచలేదు నాకు, తప్పు నాదే. ఫ్యాక్టరీలో ప్రెస్ చేసిన డీవీడీ అడుగువైపు వెండి రంగులో మెరుస్తుంది. నాది ఊదా రంగు. లైటు కింద పెట్టి మధ్య చిల్లు చుట్టూ ఉన్న రింగులో చూస్తే, ప్రెస్ చేసినవాటికి ఐఎఫ్‌పీఐ అని చిన్న అక్షరాల్లో ఫ్యాక్టరీని గుర్తుపట్టే కోడ్ కనబడాలి, నా డిస్కులో ఖాళీ డిస్కు కంపెనీ నంబరు తప్ప ఏమీ లేదు. పైన బొమ్మ ఇంక్‌జెట్ ప్రింట్, తడి వేలితో రుద్దితే ఎరుపు వేలికి అంటింది. వెనక కవర్ మీద బార్‌కోడ్ వేరే సినిమాది.

రిటర్న్ గడువు ఏడు రోజులు, నేను కంప్లయింట్ పెట్టింది తొమ్మిదో రోజు, ఎందుకంటే శనివారం దాకా ప్యాకెట్ విప్పలేదు. ఇది చేయకండి. సినిమా ఎప్పుడు చూసినా సరే, వచ్చిన రోజే ఫోన్‌లో వీడియో తీస్తూ విప్పండి, అడుగు రంగు చూడండి, ప్లేయర్‌లో పెట్టి టైము చూడండి, ఐదు నిమిషాల పని. కొనేముందు సెల్లర్‌ని డిస్క్ అడుగువైపు ఫోటో అడగండి, పంపనంటే వదిలేయండి. పాత టీవీల కోసం హింస తీసేసి వేరే సీన్లు కలిపిన వెర్షన్ కూడా ఒకటుంది, కాబట్టి ‘ఎక్స్‌టెండెడ్’ అని రాస్తే ఎగిరి గంతేయకండి, ఏ వెర్షన్ అని అడగండి. బ్లూ-రే కొనేవాళ్ళు ఇంకో మాట గుర్తుపెట్టుకోండి. క్రైటీరియన్ అనే అమెరికా డిస్కుల కంపెనీ వాళ్ళది పూర్తి 89 నిమిషాలదే, కానీ అది రీజియన్ ఏ, మన దేశం రీజియన్ సీ, మామూలు ప్లేయర్‌లో తిరగదు. 4కే డిస్కులకి రీజియన్ గొడవ ఉండదు కానీ ప్లేయర్ కూడా 4కేదే కావాలి.

గడువు దాటిందని ఆ సైటు వాళ్ళు చేతులెత్తేశారు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను, స్క్రీన్‌షాట్లు, ఊదా డిస్కు ఫోటోలు అన్నీ పెట్టాను. పదకొండో రోజున 1,850 వెనక్కొచ్చింది. కొరియర్ 90 రాలేదు, డిస్కు కూడా వెనక్కి అడగలేదు, మా అమ్మ దాన్ని పావురాలు రాకుండా బాల్కనీలో దారం కట్టి వేలాడదీసింది.

నిన్న రాత్రి ఊరికే వెతికితే అదే సినిమా ఇంకో షాపు పేరుతో కనబడింది, ధర 1,650. ‘అన్‌కట్’ అనే ఉంది. రెండో ఫోటోలో కవర్ కింద బాటిల్ గ్రీన్ ప్లాస్టిక్ షీట్, దానిమీద టీ గ్లాసు మరక. అది మా డైనింగ్ టేబులు. నేను కంప్లయింట్‌లో పంపిన ఫోటోనే కత్తిరించి పెట్టాడు.