గిత్తతో కోనసీమకి

అంబాజీపేట దగ్గర ఒక ఊళ్ళో కనుమకి పశువుల అందాల పోటీ అంటే, బాబాయి ఒంగోలు గిత్తని పాలకొల్లు నుంచి బొలెరో ట్రక్కులో తీసుకెళ్ళాం. చించినాడ వంతెన మీద వశిష్ఠ గోదావరి దాటితే దిండి, ఆపైన రాజోలు, తాటిపాక. ట్రక్కులో ఇసుక పోసి పైన గడ్డి పరిస్తే పశువు కాలు జారదు.

బయల్దేరే ముందే ఒక తప్పు చేశాం. అంతకు మూడు వారాల ముందు ఒక సంతలో కొమ్ములు చెక్కించాం. చెక్కేవాడి ముందు పది పశువులు వరసలో ఉన్నాయి, గబగబా కత్తి ఆడించి 500 తీసుకున్నాడు. ఎడమ కొమ్ము మొదట్లో నెత్తురు ఉబికింది. కొమ్ము పైపొర మన గోరు లాంటిదే. లోపల ఎముక, దాని చుట్టూ రక్తనాళాలు, నరాలు. పెద్ద పశువుల్లో ఆ ఎముక బోలుగా ఉండి నుదుటి లోపలి గదులతో కలుస్తుంది. అక్కడ చీము పడితే తలకే ముప్పు. డాక్టరు గారు మందు వేసి కట్టు కట్టాక గాని మా టెన్షన్ తగ్గలేదు.

దిండిలో గోదావరి ఒడ్డున టూరిజం వాళ్ళ రిసార్టు ఉంది. కుటుంబంతో వెళ్తే సరే, గిత్తతో వెళ్ళే మాకు కుదరదు. తాటిపాక దగ్గర చుట్టాల కొబ్బరితోటలో దిగాం. బోరు నీళ్ళు, పచ్చగడ్డి, మాకు నులక మంచాలు. కాయ దింపిన చెట్టు కిందే పశువుని కట్టాలి, అది మాత్రం చూసుకోవాలి.

ఈ ప్రయాణంలో నాకు బాగా నచ్చింది కాలవ రేవులో దొరికిన పెద్దాయన పని. సంక్రాంతికి దాళ్వా (రెండో పంట) నీళ్ళతో కాలవలు నిండుగా ఉంటాయి. మంచు విడిచి ఎండ వచ్చేదాకా ఆయన గిత్తని నీళ్ళలో దింపనివ్వలేదు. కుంకుడు రసం పోసి కొబ్బరి పీచుతో తోమాడు. మెడ కింద వేలాడే గంగడోలు మడతలు ఒక్కొక్కటీ విప్పి పిడుదులు ఏరాడు. తర్వాత వరిగడ్డి చుట్టతో వెంట్రుక వాలు వెంట రుద్దుతుంటే మూపురం మీద నలుపు నిగనిగలాడింది. కొమ్ముల దగ్గర కత్తే తీయలేదు. గరుకు కాగితంతో మెల్లగా రుద్ది, ఆముదం పట్టించాడు.

"రంగు వద్దు బాబూ, ఒకదాన్నొకటి నాకుతాయండి" అన్నాడు. నిజమే, సీసం ఉన్న రంగు పశువులకి విషం. కొమ్ముల కొనలకి తొడిగే ఇత్తడి కుప్పెలు చాలన్నాడు. ఇంత పనికీ 300 అడిగాడు, బాబాయి 500 ఇచ్చాడు.

పోటీలో పాడి ఆవుల వరస చూస్తే మనసు పాడైంది. పొదుగు నిండుగా కనబడాలని ముందు రోజు నుంచీ పాలు పితకకుండా ఉంచినవి కొన్ని. ఒక ఆవు చన్నుల నుంచి పాలు బొట్లుబొట్లుగా కారుతున్నాయి, వెనక కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడింది. దూడ కట్టుకొయ్య దగ్గర అరుస్తోంది. పొదుగువాపు రావడానికి ఇది చాలు. అలాంటివాటిని పోటీ నుంచి తప్పించాలి.

మా గిత్తకి ప్రైజు రాలేదు. చూడ్డానికి వచ్చినాయన ఎడమ కొమ్ము మొదట్లో మచ్చ మీద వేలు పెట్టి "ఎవరు చెక్కారండీ?" అని అడిగాడు. బాబాయి తల వంచుకున్నాడు. తిరుగు దారిలో మళ్ళీ అదే రేవు దగ్గర ఆగి, వచ్చే ఏడు ఎప్పుడు రమ్మంటారో పెద్దాయన్ని అడిగి వచ్చాం.