జాగ్రత్త: నైట్ ఫైటర్ పైలట్ పతకాలంటూ అమ్ముతున్న ఈ సెట్ కొనకండి

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాయుసేన (ఆర్‌ఏఎఫ్) నైట్ ఫైటర్, అంటే రాత్రిపూట శత్రు విమానాలను వేటాడే విమానం, నడిపిన పైలట్‌వి అని చెబుతూ ఒక పతకాల సెట్‌ను తెలుగు కలెక్టర్లకు చూపిస్తున్నారు. హైదరాబాద్‌లో ఒకాయన దానికి రెండు లక్షలకు పైగా కట్టి మోసపోయారు. డబ్బు తిరిగి రాలేదు. అమ్మిన మనిషి అవే ఫొటోలను, పైలట్ పేరు మాత్రం మార్చి, ఇంకొందరికి పంపుతున్నాడు. కొన్నాయన దగ్గరున్న వస్తువులన్నీ భూతద్దం కింద పెట్టి చూశాక ఏది ఎందుకు తప్పో వివరంగా రాస్తున్నాం. ఈ సెట్ కాకపోయినా ఇలాంటిదే మరొకటి ఎదురైనప్పుడు పనికొస్తుంది.

సెట్‌లో ఉన్నవి: డిస్టింగ్విష్డ్ ఫ్లైయింగ్ క్రాస్, అంటే డీఎఫ్‌సీ, విమాన పోరాటంలో సాహసానికిచ్చే శిలువ పతకం. బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్ క్లాస్ప్ (రిబ్బన్ మీద కుట్టే చిన్న లోహపు పట్టీ) ఉన్న 1939–45 స్టార్, అంటే నక్షత్రం ఆకారపు పతకం. ఎయిర్ క్రూ యూరప్ స్టార్, బర్మా స్టార్, ఫ్రాన్స్ అండ్ జర్మనీ స్టార్, డిఫెన్స్ మెడల్, వార్ మెడల్. వీటితో పాటు ఒక ఫ్లైయింగ్ లాగ్ బుక్ (ఎగిరిన ప్రతిసారీ వివరాలు రాసుకునే పుస్తకం), పతకాలు పోస్టులో వచ్చినప్పటిదని చెప్పే ఒక చీటీ. కథ ఏమిటంటే, ఈయన సార్జెంట్ పైలట్, 604 స్క్వాడ్రన్ అనే వాయుసేన దళంలో మాస్కిటో విమానం నడిపాడు, తర్వాత కలకత్తాలో 176 స్క్వాడ్రన్‌కు వచ్చి యుద్ధం ముగిసేదాకా అక్కడే ఉన్నాడు. మనవాళ్ళకు నచ్చేలా ఇంకో ముక్క కూడా కలిపారు: 1942 ఏప్రిల్ 6 రాత్రి విశాఖపట్నం మీదికొచ్చిన జపాన్ విమానాలను తరిమాడట.

ముందు ఒక ముఖ్యమైన సంగతి. బ్రిటన్ ప్రభుత్వం తన సైనికులకిచ్చిన రెండో ప్రపంచ యుద్ధం స్టార్ల మీద గానీ, డిఫెన్స్ మెడల్, వార్ మెడల్ మీద గానీ పేర్లు చెక్కలేదు. చిన్న అట్టపెట్టెలో పెట్టి, ఒక చీటీతో పోస్టులో పంపారు. దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియా మాత్రం తమవాళ్ళ పతకాల మీద పేర్లు వేయించాయి. ఆ కాలపు ఆర్‌ఏఎఫ్ డీఎఫ్‌సీ మీద కూడా అధికారికంగా పేరుండదు, వెనకవైపు కింది కొమ్ము మీద ఇచ్చిన సంవత్సరం మాత్రం చెక్కి ఉంటుంది. అంటే ఎవరైనా విడివిడిగా నాలుగు స్టార్లు కొని, ఒక డీఎఫ్‌సీ తెచ్చి, పక్కపక్కన కుట్టించి, ఏ వీరుడి పేరైనా తగిలించవచ్చు. ఇలాంటి సెట్‌లో మీరు ఎక్కువ డబ్బు పెట్టేది లోహానికి కాదు, ఆ లోహానికీ ఆ మనిషికీ మధ్య ఉన్న కాగితానికి. కాగితం గట్టిది కాకపోతే మిగిలేది విడి పతకాల ధరే. విడి పతకాలైనా అసలువి అయితేనే సుమా.

ఇక తప్పుల సంగతి. మొదటిది చూడగానే తెలిసిపోయేది. సార్జెంటుకు డీఎఫ్‌సీ రాదు. ఆ యుద్ధకాలంలో డీఎఫ్‌సీ ఆఫీసర్లకు, వారెంట్ ఆఫీసర్లకు. సార్జెంట్, ఫ్లైట్ సార్జెంట్ లాంటివాళ్ళకు ఇచ్చింది డిస్టింగ్విష్డ్ ఫ్లైయింగ్ మెడల్, డీఎఫ్‌ఎం. ఈ తేడా 1993 దాకా నడిచింది. డీఎఫ్‌ఎం అంచు మీద సర్వీస్ నంబరు, ర్యాంకు, పేరు అధికారికంగా చెక్కి ఉంటాయి, అందుకే అది నకిలీ చేయడం కష్టం, అందుకే మోసగాళ్ళకు డీఎఫ్‌సీ అంటే అంత ఇష్టం. ఒక సార్జెంట్ తర్వాత ఆఫీసరై డీఎఫ్‌సీ అందుకోవడం ఉంది, చాలా ఉంది. కానీ అప్పుడు కాగితాల్లో రెండు సర్వీస్ నంబర్లు కనబడాలి, లండన్ గెజిట్ అనే ప్రభుత్వ పత్రికలో అతను ఆఫీసరైనట్టు ప్రకటన ఉండాలి. ఇక్కడ చీటీ మీదా లాగ్ బుక్ మీదా చివరిదాకా సార్జెంటే.

రెండోది స్టార్ల కూర్పు. ఎయిర్ క్రూ యూరప్ స్టార్, అట్లాంటిక్ స్టార్, ఫ్రాన్స్ అండ్ జర్మనీ స్టార్, ఈ మూడింట్లో ఒక మనిషికి ఒకటే ఇస్తారు. రెండోదానికి కూడా అర్హత వస్తే స్టార్ ఇవ్వరు, మొదటి స్టార్ రిబ్బన్ మీద కుట్టుకోవడానికి క్లాస్ప్ ఇస్తారు. ఎయిర్ క్రూ యూరప్ పక్కన ఫ్రాన్స్ అండ్ జర్మనీ వేలాడుతుంటే ఆ సెట్ ఒక మనిషిది కానే కాదు. పైగా ఫ్రాన్స్ అండ్ జర్మనీ స్టార్ 1944 జూన్ 6 నుంచి ఐరోపాలో చేసిన సేవకు. యుద్ధం ముగిసేదాకా కలకత్తాలోనే ఉన్నవాడికి అది ఎలా వస్తుంది? బర్మా స్టార్, పసిఫిక్ స్టార్ విషయంలోనూ ఇదే నియమం: స్టార్ ఒకటే, రెండోదానికి క్లాస్ప్.

ఎయిర్ క్రూ యూరప్ గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎక్కువ నకిలీలు దీనికే. బ్రిటన్ స్థావరాల నుంచి 1939 సెప్టెంబరు 3 నుంచి 1944 జూన్ 5 దాకా ఐరోపా మీద యుద్ధ విధుల్లో ఎగిరిన విమాన సిబ్బందికే అది దక్కింది. మిగతా స్టార్లతో పోలిస్తే తక్కువ, ధర ఎక్కువ. రిబ్బన్ మధ్యలో లేత నీలం ఆకాశానికి, అటూ ఇటూ సన్నటి పసుపు చారలు సెర్చ్‌లైట్లకు, అంచుల నలుపు రాత్రికి. రాత్రి ఎగిరినవాళ్ళ గుర్తుగా ఇంతకన్నా అందమైన రిబ్బన్ లేదు. దాన్ని నకిలీ చేయడం చూస్తే కడుపు మండుతుంది.

అసలు స్టార్ పసుపు రంగు రాగి–జింక్ మిశ్రమం, ఆరు కోణాలు. 44 మిల్లీమీటర్ల వృత్తంలో సరిగ్గా ఇముడుతుంది, వెడల్పు 38, కింది మొన నుంచి పైన కొక్కెం దాకా 50. అసలుది డై, అంటే ఉక్కు అచ్చు, కొట్టి చేసింది. నకిలీ చాలావరకు అసలుదాని మీద అచ్చు తీసి పోత పోసింది. కరిగిన లోహం చల్లారుతూ కుంచించుకుపోతుంది, అందువల్ల పోత స్టార్ అర మిల్లీమీటరు పైనే చిన్నదిగా వస్తుంది. కంటికి తెలియదు, వెర్నియర్ కాలిపర్ పెడితే తెలుస్తుంది. ఈ సెట్‌లోని ఎయిర్ క్రూ యూరప్ ఎత్తు 49కి తక్కువ. పది రెట్ల భూతద్దంలో అక్షరాల మూలలు గుండ్రంగా, కరిగిన బెల్లంలా ఉన్నాయి. అసలుదానిలో అక్షరం గోడ నిట్టనిలువుగా దిగి, నేల చదునుగా ఉంటుంది. పోతలో నేల మీద సూదిమొనంత గుంటలు కనిపిస్తాయి, అవి గాలి బుడగలు వదిలిన జాడలు. కిరీటం మీద చిన్న శిలువ చూడండి, పోతలో అది ముద్దగా మారిపోతుంది.

వెనకవైపు ఇంకా స్పష్టం. అసలు స్టార్ల వెనక ఖాళీ. ఈ సెట్‌లోని ఎయిర్ క్రూ యూరప్ స్టార్ వెనక కింది కోణంలో ఒకే దిశలో సన్నటి ఆకురాయి గీతలు, ఆ చోట చిన్న పల్లం ఉన్నాయి. ప్రదర్శనలో పెట్టుకోవడానికి నిజాయితీగా అమ్మే కాపీల వెనక కాపీ అని ముద్ర వేస్తారు. దాన్ని గీకేసి అసలుదిగా అమ్మడం పాత ఎత్తు. 1939–45 స్టార్ వెనకేమో పైలట్ పేరు చెక్కించారు. కుటుంబాలు సొంతంగా పేరు చెక్కించుకోవడం ఉంది, అది తప్పు కాదు, సాక్ష్యమూ కాదు. కానీ ఇక్కడ అక్షరాల లోపల లోహం కొత్త ఇత్తడి గిన్నెలా మెరుస్తోంది, చుట్టూ మాత్రం పాత గోధుమరంగు. గీత అంచున లేచిన లోహపు పొర గోటికి గుచ్చుకుంటుంది. ఎనభై ఏళ్ళ మురికి ఆ గాడిలో ఒక్క రవ్వ లేదు.

రిబ్బన్లకు దొంగనోట్లు చూసే యూవీ టార్చి చాలు. చీకటి గదిలో కుట్టు దారం తెల్లని నీలంగా వెలిగితే అది యుద్ధం తర్వాతి కాలపుది. రిబ్బన్‌ను తర్వాత ఎవరైనా మార్చి ఉండవచ్చు, అదొక్కటే చూసి సెట్‌ను కొట్టిపారేయకండి. చీటీ కాగితం కూడా అలాగే వెలిగితే మాత్రం వదిలేయండి.

బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్ క్లాస్ప్ 1940 జూలై 10 నుంచి అక్టోబరు 31 మధ్య, గుర్తింపు పొందిన యూనిట్లతో కనీసం ఒక్కసారి యుద్ధ విధిలో ఎగిరిన విమాన సిబ్బందికి మాత్రమే. మొత్తం మూడు వేలలోపు మంది. అందరి పేర్లూ తెలుసు, లండన్‌లో థేమ్స్ ఒడ్డున ఉన్న స్మారకం మీద చెక్కి ఉన్నాయి. 604 స్క్వాడ్రన్ ఆ జాబితాలోదే, బ్లెన్‌హైమ్ విమానాలతో రాత్రి కాపలా తిరిగింది. అమ్మే మనిషి చెప్పిన పేరు మాత్రం అందులో లేదు. ఐదు నిమిషాల పని ఇది, చేసి ఉంటే రెండు లక్షలు మిగిలేవి.

లాగ్ బుక్ చూద్దాం. ఆర్‌ఏఎఫ్ పైలట్ లాగ్ బుక్ ఫారం 414. రాడార్ ఆపరేటర్లు, నావిగేటర్లు, గన్నర్లు రాసేది ఫారం 1767. ఇక్కడ పైలట్ చేతిలో 1767 పెట్టారు, పైలట్ గంటలు వేయడానికి గడులే సరిపోక గీతలు గీసుకున్నారు. 1941 పేజీల్లో అప్పటికింకా వాడుకలోకి రాని బాల్‌పెన్ సిరా ఉంది. 1941లోనే రాడార్ అన్న మాట రాశారు. బ్రిటన్‌లో అప్పుడు దాన్ని ఆర్‌డీఎఫ్ అనేవాళ్ళు, రాడార్ అన్న మాట అధికారికంగా 1943లో వచ్చింది. విమానంలో అమర్చిన రాడార్ పరికరాన్ని ఏఐ అనేవాళ్ళు. 604 స్క్వాడ్రన్ మాస్కిటో 1941లో అన్నారు. ఆ ఏడాది 604 మిడిల్ వాలప్ నుంచి బ్యూఫైటర్ విమానాలే నడిపింది, జాన్ కన్నింగ్‌హామ్ అనే నైట్ ఫైటర్ పైలట్ పేరు మారుమోగింది అక్కడే. నైట్ ఫైటర్ మాస్కిటో మొదట యుద్ధ విధికి వెళ్ళింది 1942లో, 157 స్క్వాడ్రన్‌తో.

అసలు నైట్ ఫైటర్ లాగ్ బుక్ ఎలా ఉంటుందో తెలిస్తే నకిలీ దానంతట అదే బయటపడుతుంది. మధ్యాహ్నం ఇరవై, ముప్పై నిమిషాల నైట్ ఫ్లైయింగ్ టెస్ట్, రోజు తర్వాత రోజు. ఏఐ ప్రాక్టీస్. నేల మీద రాడార్ చూసి దారి చెప్పే కంట్రోలర్‌తో అభ్యాసం, అంటే జీసీఐ ఎక్సర్‌సైజ్. రాత్రి ఎగిరినవి ఎర్ర సిరాలో. గంటన్నర, రెండు గంటల పెట్రోలింగ్, ఎదురుగా ఏమీ రాలేదన్న నోటు, మళ్ళీ అదే. రెండో సీటులో కూర్చున్న ఆపరేటర్ పేరు నెలల తరబడి ఒకటే. ఆ జంట కుదిరితేనే ఫలితం. నెలాఖరున గంటల కూడిక, ఫ్లైట్ కమాండర్, స్క్వాడ్రన్ కమాండర్ సంతకాలు. ఈ నకిలీలో ఎగిరిన ప్రతిసారీ ఒక విమానం కూలింది, ఆపరేటర్ పేరు ఎక్కడా లేదు, సంతకాలన్నీ ఒకే చేతివి.

ఇక విశాఖ. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ బాంబులు పడిన మాట నిజం. ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి వచ్చిన విమానాలు అవి, వచ్చింది పగటిపూట. 176 స్క్వాడ్రన్ పుట్టిందే 1943 జనవరిలో, కలకత్తా దగ్గరి డమ్‌డమ్‌లో. లేని స్క్వాడ్రన్, లేని రాత్రి. మన ఊరి గాయాన్ని బేరానికి వాడుకోవడం అన్నిటికన్నా నీచం. 176 అసలు చరిత్రకు ఈ అతుకులు అక్కర్లేదు కూడా. ఆ జనవరిలోనే ఫ్లైట్ సార్జెంట్ ప్రింగ్ బ్యూఫైటర్‌తో కలకత్తా మీద ఒక్క రాత్రిలో, నిమిషాల వ్యవధిలో మూడు జపాన్ బాంబర్లను కూల్చాడు. ఆయనకిచ్చింది డీఎఫ్‌ఎం. ర్యాంకుకు తగ్గ పతకం ఏదో ఆ ఒక్క ఉదాహరణే చెబుతుంది.

డబ్బు కట్టే ముందు చేయాల్సింది ఈ వరసలో. అమ్మేవాడిని పూర్తి పేరు, సర్వీస్ నంబరు, స్క్వాడ్రన్ అడగండి. లండన్ గెజిట్ ఆన్‌లైన్‌లో ఉచితం, నంబరుతో వెతకండి, ఇంటిపేరుతో వెతికితే వందల మంది వస్తారు. డీఎఫ్‌సీ ప్రకటన తేదీ దొరికాక క్రాస్ వెనక సంవత్సరంతో పోల్చండి. చాలా డీఎఫ్‌సీలకు గెజిట్‌లో పేరు మాత్రమే ఉంటుంది, సాహసం వివరాలుండవు, అది అనుమానించాల్సిన విషయం కాదు. తర్వాత లండన్‌లో క్యూ అనే ప్రాంతంలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో (ప్రభుత్వ పాత రికార్డుల భాండాగారం) ఏఐఆర్ 27 అనే వర్గం కింద స్క్వాడ్రన్ రికార్డు పుస్తకాలున్నాయి. వాటిలో ఫారం 541లో ఏ తేదీన ఏ విమానంలో ఎవరు, ఎన్నింటికి లేచి ఎన్నింటికి దిగారో ఉంటుంది. లాగ్ బుక్‌లోని మూడు తేదీలు, అందులో ఏమీ జరగని రాత్రి ఒకటి, దానితో సరిచూడండి. నకిలీ రాసేవాడు గొప్ప రాత్రులు చూసి రాస్తాడు, ఖాళీ రాత్రుల దగ్గర దొరికిపోతాడు. పోరాట నివేదికలు ఏఐఆర్ 50లో ఉంటాయి. ఇంటినుంచే చూడవచ్చు, కొన్నిటికి చిన్న రుసుము.

ఫొటోలు ఎలాంటివి అడగాలంటే, ప్రతి పతకానికీ ముందూ వెనకా, పక్కన స్కేలు పెట్టి, వెలుగు ఏటవాలుగా పడేలా. తల మీద నేరుగా ఫ్లాష్ కొట్టిన ఫొటోలో పోత గుంటలు కనబడవు, ఈ మనిషి పంపినవన్నీ అవే. ఇవ్వను అంటే ఆగిపోండి. యూపీఐ, నేరుగా బ్యాంకు బదిలీ వద్దు. విదేశీ అమ్మకందారుకు పేపాల్‌లో పంపేటప్పుడు ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ కింద పంపమంటే ఒప్పుకోకండి, దానికి కొనుగోలుదారు రక్షణ ఉండదు.

ఇప్పటికే కట్టినవాళ్ళు ఈ రోజే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, కార్డుతో కట్టి ఉంటే బ్యాంకులో లావాదేవీ మీద ఫిర్యాదు పెట్టండి. పతకాలను బ్రాసో పాలిష్ పెట్టి తోమకండి, కుట్లు విప్పకండి, పార్సిల్ కవరు పారేయకండి, చాటింగ్ చెరిపేయకండి. ఇంకా కట్టనివాళ్ళు ఫొటోల్లో రెండు గుర్తులు చూడండి: ఎయిర్ క్రూ యూరప్ స్టార్ వెనక కింది కోణంలో ఆకురాయి గీతలు, డీఎఫ్‌సీ రిబ్బన్ ఏటవాలు చారల మీద కుడి అంచున గోధుమరంగు టీ మరక. పైలట్ పేరు ఏది చెప్పినా సరే, ఆ రెండూ ఉంటే అది ఈ సెట్టే.